లాంగ్ టర్మ్‌కు ముందు ఆరు వారాలు

వదినగారు కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చాలా ఏళ్ళు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా కూడా చేశారు. మరిది హైదరాబాదులో ఒక కంపెనీ హెచ్ఆర్ విభాగంలో కొత్తవాళ్ళను తీసుకునే పని చూస్తాడు. ఆయన కూతురు ఇంటర్ బైపీసీ పూర్తిచేసి నీట్ రాసింది. సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగులో చేర్చాలని తండ్రి పట్టుదల. ఏం చదవాలో తేల్చుకునే ముందు ఆరు వారాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో వాలంటీరుగా చేసి చూస్తానని అమ్మాయి. ఆ ఆలోచన పెట్టింది పెద్దమ్మ కాబట్టి మరిది పంచాయితీ తెచ్చింది కూడా ఆవిడ దగ్గరికే.

వాళ్ళ మాటలు ఇక్కడ రాస్తున్నాను. నేను ఆవిడ పక్షం. అయినా ఆయన అడిగినవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. వాటికి జవాబు వెతుక్కోకుండా ఏ ఇంట్లోనూ పిల్లల్ని ఈ దారిన పంపకూడదనే నా నమ్మకం.

మరిది: వదినా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. లాంగ్ టర్మ్ బ్యాచ్‌లు మొదలైపోతున్నాయి. ఇప్పుడు ఆరు వారాలు పోగొట్టుకుంటే మళ్ళీ అందుకోవడం కష్టం. ఈ టైములో దానికి సేవ చేయమని చెప్పారేమిటి? సీటు రానివ్వండి, డాక్టరు కానివ్వండి, ఆ తరువాత జీవితమంతా సేవే చేసుకోమనండి.

వదిన: సేవ చేయమని నేననలేదయ్యా. చూసి రమ్మన్నాను. అది డాక్టరు కావాలని ఎప్పట్నుంచి అనుకుంటోంది?

మరిది: ఎనిమిదో తరగతి నుంచి.

వదిన: ఇన్నేళ్ళలో ఒక డాక్టరు పనిచేస్తుంటే పక్కన నిలబడి ఒక్క పూటైనా చూసిందా? జ్వరమొచ్చి చూపించుకోవడానికి వెళ్ళడం లెక్కలోకి రాదు.

మరిది: ఎక్కడ చూస్తుంది? పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి గానీ కాలేజీ నుంచి ఇంటికి చేరేది కాదు.

వదిన: నేననేదీ అదే. పదో తరగతి అవగానే పదిహేనేళ్ళ పిల్లను కూర్చోబెట్టి ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని అడుగుతాం. ఏ చదువు వెనక ఏ పని ఉందో దానికీ తెలీదు, చాలాసార్లు మనకూ తెలీదు. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి మేనత్త ఏ ఊళ్ళో ఉంటుందో దాకా వాకబు చేస్తాం కదా, ముప్ఫై నలభై ఏళ్ళు చేయాల్సిన పని గురించి ఎవర్నీ ఏమీ అడగం. వైద్యవిద్య నడిపేవాళ్ళకు కూడా ఈ లోటు తెలుసు. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు మొదట్లోనే ఒక నెల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. మొదటి ఏడాది నుంచే పిల్లల్ని రోగుల దగ్గరికి తీసుకెళ్ళాలన్నారు. అంతకు ముందు రెండో ఏడాదికి గానీ వార్డుకు పంపేవాళ్ళు కాదు.

మరిది: మంచిదేగా. సీటొస్తే వాళ్ళే చూపిస్తారన్నమాట.

వదిన: అప్పుడు చూసి నాకు పడదనుకుంటే వెనక్కి రాగలదా? కట్టిన ఫీజు, సీటు వదిలేస్తే బాండు, నలుగురూ అనే మాటలు. ఇప్పుడైతే ఆరు వారాలతో పోతుంది.

మరిది: సరే, నా ఉద్యోగం సంగతి చెప్తాను. నేను రోజూ రెజ్యూమేలు చదువుతాను. అడుగున ఒక లైను తప్పకుండా ఉంటుంది: ఎన్ఎస్ఎస్ వాలంటీరు, రక్తదాన శిబిరం, మొక్కలు నాటడం. ఇంటర్వ్యూలో ఏం చేశావమ్మా అని అడిగితే ‘క్లీన్ అండ్ గ్రీన్ సర్’ అంటారు. ఇంకో ప్రశ్న వేస్తే నేల చూపులు. ఆ లైనును నేను చదవడం మానేశాను. మీ ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టని 180 గంటలు పెట్టారు కదా. మా మేనల్లుడు సర్వే ఫారాలు ఇంట్లో కూర్చుని నింపాడు. లాగ్ బుక్కులో సంతకాలన్నీ ఒక్కరోజే పెట్టించుకున్నాడు. రిపోర్టు జిరాక్సు షాపులో దొరికితే పైన పేరు మార్చాడు. దీన్ని నమ్మి నా కూతురి ఏడాదిని పణంగా పెట్టమంటారా?

వదిన: నీ మేనల్లుడు చేసింది నేను కాలేజీలో కళ్ళారా చూసిందే. ఎన్ఎస్ఎస్ పెట్టింది 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరం. 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటలు, దత్తత ఊళ్ళో వారం రోజుల క్యాంపు. మంచి ఏర్పాటు. కానీ ఒక్క లెక్చరరు చేతికి వందమంది పిల్లల్ని ఇచ్చి గంటలు చూపించమంటే ఆయన చేయగలిగింది బ్యానరు కట్టి స్కూలు ఆవరణ ఊడిపించడమే. ఊడవడం తక్కువ పనని అనడంలేదు. దాంట్లో ఆ పిల్లవాడికి ఏ వృత్తీ కనబడదు అంటున్నాను. ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే ఆ పక్కన ఉండగలగాలి. అది జరిగిన చోట ఒక్క పూట కూడా చాలు.

మరిది: ఒక్క పూటలో ఏం తెలుస్తుంది?

వదిన: చెప్తాను విను. చూపులేని విద్యార్థులు పరీక్ష రాయడానికి స్క్రైబు కావాలి. తామే తెచ్చుకుంటే, రాసిపెట్టేవాళ్ళ చదువు ఒక మెట్టు తక్కువుండాలని అప్పట్లో నియమం. అందుకని ఎం.ఏ. చరిత్ర పరీక్ష రాస్తున్న ఒకాయనకి మా బీఎస్సీ పిల్లను పంపాను. గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు కనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు. ముందు ప్రశ్నపత్రమంతా చదివి వినిపించాలి. ఆయన వేళ్ళు మడుచుకుంటూ విని ఏది ముందు రాయాలో వరస చెప్పాడట. ఆ తరువాత చెప్పింది చెప్పినట్టు రాయడమే. ఒకచోట ఆయన 1857 అనబోయి 1875 అన్నాడు. ఈ పిల్లకు అది తప్పని తెలుసు. దిద్దకూడదు. దిద్దకపోవడమే కాదు, కలం ఆగకూడదు కూడా. కాగితం మీద కలం చప్పుడు ఆగితే ఆయనకు వినబడుతుంది. ఇక్కడేదో తప్పుందని చెప్పినట్టే. 1875 అనే రాసి ముందుకెళ్ళింది. ఇంకో రెండు వాక్యాలయ్యాక ఆయనే ‘అమ్మా, వెనక్కెళ్ళి ఆ సంవత్సరం మార్చు’ అన్నాడు.

మరిది: అయితే?

వదిన: ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చెయ్యి నొప్పి గురించి ఒక్క మాట లేదు. ఆయన ఇంత పెద్ద సిలబస్ ఎలా చదివాడు, ఎవరు చదివి వినిపించారు, కంప్యూటరు తెర మీది అక్షరాలు మాటలుగా ఎలా వినబడతాయి, ఇవన్నీ నేర్పేవాళ్ళు ఎవరు, వాళ్ళేం చదువుతారు అని ఒకటే ప్రశ్నలు. స్పెషల్ ఎడ్యుకేషన్లో డిప్లొమా, బీఈడీ ఉంటాయని, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలని అప్పుడు నేను కూడా కనుక్కున్నాను. ఇవాళ అదే ఆమె ఉద్యోగం. ఆ పరీక్ష హాల్లోకి వెళ్ళేదాకా అలాంటి ఉద్యోగం ఒకటుందని ఆమెకు తెలీదు.

మరిది: ఒక్కరి కథ చెప్పి అందర్నీ నమ్మించకూడదు వదినా. అలా వెళ్ళి ఏమీ తేల్చుకోకుండా వచ్చినవాళ్ళ కథలు మీరు చెప్పరు.

వదిన: చెప్తాను. మనుషులకు సాయం చేయడమంటే ఇష్టమని సోషల్ వర్కులో పీజీ చేద్దామనుకున్న కుర్రాడొకడు ఒక వృద్ధాశ్రమంలో నెలరోజులు ఉన్నాడు. ముసలివాళ్ళ దగ్గర పది నిమిషాలు కూర్చోలేకపోయాడు. మందుల అలమరా మాత్రం ఎవరూ చెప్పకుండానే సర్దాడు. ఎవరికి ఏ మాత్ర ఎన్ని రోజులకుందో, ఏది గడువు దాటిందో పుస్తకంలో రాసిపెట్టాడు. నాకు మనుషులతో పడదు మేడమ్, సరుకుతో పడుతుంది అని వాడే అన్నాడు. సోషల్ వర్కు మానేశాడు. నీ లెక్కలో ఇది నష్టమా?

మరిది: మానేయడం లాభమేనంటారు.

వదిన: రెండేళ్ళు చదివాక మానేయడం కంటే లాభమే కదా.

మరిది: నా అసలు అభ్యంతరం ఇది కాదు. ఉచితంగా పనిచేసి చూసే స్తోమతు ఎవరికుంది? నా కూతురికుంది. నేను కట్టే ఫీజులతో పోలిస్తే ఆరు వారాల చార్జీలు నాకొక ఖర్చు కాదు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. పెళ్ళిళ్ళ సీజను వస్తే క్యాటరింగుకు వెళ్తాడు. రాత్రి రెండింటికి గిన్నెలు సర్ది, పొద్దున కాలేజీకి. వాడి కూలి డబ్బుతో ఇంట్లో గ్యాసు బండ వస్తుంది. వాణ్ణి వెళ్ళి ఊరికే పనిచేసి నీ కెరీరు వెతుక్కో అంటే వాడేమనుకోవాలి? బస్సులో ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు సరే, వాడికుంది కదా. కలిగినవాళ్ళ పిల్లలు నాలుగు చోట్ల తిరిగి చూసి ఎంచుకుంటారు, లేనివాళ్ళు దొరికిందాన్ని పట్టుకుంటారు. వాలంటీరింగ్ ఆ తేడాను పెంచుతుంది.

వదిన: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఉన్నంతవరకు చెప్తాను. ఆ కుర్రాడి దగ్గర ఆరు వారాలు అడగకూడదు. ఒక్క రోజు అడగాలి. స్క్రైబు పని ఒక్కరోజుది. చార్జీ, మధ్యాహ్నం భోజనం కాలేజీ ఇవ్వాలి.

మరిది: క్యాటరింగులో కూడా వాడు నేర్చుకుంటున్నాడు కదా. ఐదువందల మందికి సరుకు అంచనా వేయడం, మనుషుల్ని నడిపించడం. జీతమిచ్చే పనే వృత్తిని చూపిస్తుంటే ఉచితంగా చేయడం దేనికి?

వదిన: జీతమిచ్చే పని దొరికితే అదే మేలు. నేను దానికి అడ్డు చెప్పను. కానీ పదిహేడు పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు జీతమిచ్చి రమ్మనే చోట్లు ఎన్ని? క్యాటరింగు, బట్టల షాపు, డెలివరీ, డేటా ఎంట్రీ. స్పీచ్ థెరపీ గదిలో, కోర్టు పక్కన న్యాయసహాయ కేంద్రంలో, పశువుల ఆసుపత్రిలో ఏ పట్టా లేని పిల్లను జీతమిచ్చి ఎవరు నిలబెడతారు? ఆ గదుల్లోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే వేరే దారి నాకు కనబడలేదు.

ఈ ఒక్క చోట ఆయన అడిగింది ఆవిడ చెప్పినదాని కంటే బరువైందని నాకనిపించింది. కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ లైట్లకూ ఫ్లెక్సీలకూ పెట్టే డబ్బులో కాస్త పక్కన పెడితే ఒక తరగతి మొత్తానికి బస్సు చార్జీలూ భోజనాలూ గడిచిపోతాయి. ఆ ఏర్పాటు చేయకుండా పిల్లలందర్నీ వాలంటీరింగ్ చేయమనడం అన్యాయం. ఇంతకంటే మెత్తగా చెప్పడానికి ఇక్కడ ఏమీ లేదు.

మరిది: జీతం సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. మా ఆఫీసులో ఒకాయన కొడుకు అమెరికాలో ఎంఎస్ చేసి, చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్నాడు. ఉద్యోగం లేదు. తొంభై రోజులకు మించి ఖాళీగా ఉంటే స్టేటస్ పోతుంది. అందుకని ఒక సంస్థలో వారానికి ఇరవై గంటలు వాలంటీరుగా చేరాడు. చదివిన చదువుకు సంబంధించిన పనై ఉండాలి కాబట్టి వాళ్ళ డేటాబేసు చూస్తున్నాడు. మనవాళ్ళ పిల్లలు చాలామంది అక్కడ ఇదే పని. ఇది వృత్తిని వెతుక్కోవడమా? ఆ సంస్థకు ఉచితంగా ఇంజనీరు దొరికాడు, అంతే.

వదిన: వాడు వెతుక్కోవడానికి వెళ్ళలేదు, దేశంలో ఉండటానికి వెళ్ళాడు. వాడి అవసరాన్ని తప్పుపట్టను. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టొద్దంటాను. అయినా అదే అమెరికాలో లాభాల కోసం నడిచే ప్రైవేటు కంపెనీ వాలంటీర్లను పెట్టుకోకూడదని కార్మిక చట్టం ఉంది. ఇక్కడ మనమూ ఆ గీత గీసుకోవాలి. ఎవరైనా కంపెనీవాళ్ళు వాలంటీరుగా రమ్మంటే నీ కూతుర్ని పంపకు. జీతమిచ్చే మనిషిని తీసేసి ఆ కుర్చీలో వాలంటీరును కూర్చోబెట్టే చోటికి కూడా పంపకు, అది ఎంత మంచి సంస్థైనా సరే.

మరిది: ఆశ పెట్టడం ఇంకో అన్యాయం. 2019 ఆగస్టు 15 నుంచి మీ దగ్గర ప్రభుత్వంవాళ్ళు యాభై ఇళ్ళకొక వాలంటీరు అన్నారు, నెలకు ఐదువేలన్నారు. ఇది రేపు ఉద్యోగమవుతుందని ఎదురుచూసిన పిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు. కాలేదు. వయసు మాత్రం పెరిగింది.

వదిన: అవును. అందుకే మొదటిరోజే తేదీ రాసుకోవాలి. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు. ఇందులోంచి ఉద్యోగం రాదు అని కూడా అప్పుడే చెప్పేయాలి.

మరిది: అమెరికాలో ఏదో అధ్యయనం ఉందని అమ్మాయి చూపించింది లెండి. 2013లో అక్కడి ప్రభుత్వ సంస్థే వేసింది. ఉద్యోగం లేనివాళ్ళలో వాలంటీరుగా చేసినవాళ్ళకు ఉద్యోగం దొరికే అవకాశం 27 శాతం ఎక్కువట. నేను మనుషుల్ని తీసుకునేవాణ్ణి, నాకిది కొత్త కాదు. వాలంటీరుగా వెళ్ళేవాడు ముందే చొరవున్నవాడు, నలుగురితో పరిచయమున్నవాడు. వాడికి ఎలాగూ ఉద్యోగం వచ్చేది.

వదిన: అందులో కొంత నిజముంటుంది. ఆ అంకె నా వాదనకు అక్కర్లేదు కూడా. ఉద్యోగం తొందరగా దొరుకుతుందని నేను ఎప్పుడూ అనలేదు. ఏ ఉద్యోగం వద్దో తెలుస్తుందన్నాను.

మరిది: ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఊరికే రాసిన కోడు చూపించేవాళ్ళుంటారు. అది కళ్ళ ముందు కనబడుతుంది. ఎక్కడ తప్పు చేశాడు, ఎవరు దిద్దారు, దిద్దినప్పుడు ఎలా జవాబిచ్చాడు, అన్నీ ఉంటాయి. ఆ లైను వదలకుండా చదువుతాను.

వదిన: చూశావా. అదీ వాలంటీరు పనే. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనప్పట్నుంచీ జీతం లేనివాళ్ళే రాస్తున్నారు. పత్రికలోనో ప్రచురణలోనో పనిచేయాలనుకునే పిల్ల అక్కడ ఒక వ్యాసాన్ని ఆధారాలతో నిలబెట్టడానికి ప్రయత్నిస్తే ఎడిటింగంటే ఎంత చాకిరీయో ఇంట్లోంచి కదలకుండా తెలుస్తుంది. నీ వాచ్‌మన్ కొడుక్కీ కుదురుతుంది, ఫోనుంటే చాలు.

మరిది: సరే, కోడును దిద్దుకోవచ్చు, వ్యాసాన్ని దిద్దుకోవచ్చు. నా మనసులో ఉన్న ఆఖరి మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆ బడిలో ఉన్నది పిల్లలు. మాట రాని పిల్లలు, నడక రాని పిల్లలు. నా కూతురు తనకు ఏ వృత్తి సరిపోతుందో తేల్చుకోవడానికి వాళ్ళ మధ్యకు వెళ్తుంది. ఆరు వారాల్లో ఎవడో ఒక పిల్లవాడు దీనికి అలవాటు పడతాడు. ఏడో వారం ఇది రాదు. వాడికెవరు చెప్తారు? శ్రీవారి సేవకు తిరుమల వెళ్ళేవాళ్ళు తమ కోసం ఏదో తెలుసుకుందామని వెళ్తారా? క్యూలో నిలబడ్డవాళ్ళకు మంచినీళ్ళిచ్చి వస్తారు. సేవంటే అది. ఇది అవతలివాళ్ళ కష్టాన్ని మన పాఠానికి వాడుకోవడం కాదా?

ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. నేనైనా ఇవ్వలేకపోయేవాణ్ణి.

వదిన: ఇది నువ్వు అడిగినవాటన్నిటిలో సరైన ప్రశ్న. ఈ ప్రశ్న వేయకుండా పిల్లల్ని లోపలికి రానిచ్చే సంస్థకు పంపకూడదు. కేరళలో, 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ పని చూడు. నయం కాని జబ్బున్నవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చూసుకునేది ఎక్కువగా ఊళ్ళోవాళ్ళే, వాలంటీర్లే. ముందు శిక్షణ ఇస్తారు. ఏం మాట్లాడాలో కంటే ఏం మాట్లాడకూడదో నేర్పుతారు. ఆ తరువాతే గుమ్మం తొక్కనిస్తారు. ఆరు వారాలకు వచ్చినవాళ్ళను మంచం పక్కన కూర్చోబెట్టరాదు. ఇక్కడ మన బడి ప్రిన్సిపాలు నాకు ముందే చెప్పింది, ఏ పిల్లనీ దీనికి అప్పజెప్పరు. ఆటిజం ఉన్న పిల్లలకు మనుషులు మారితేనే ఇబ్బంది. ఈమె పని ఫ్లాష్ కార్డులు కత్తిరించడం, ఆట వస్తువులు కడిగి ఆరబెట్టడం, హాజరూ రికార్డులూ రాయడం, ఫిజియోథెరపీ గదిలో చాపలు పరచడం, మిగతా వేళ ఒక మూల కూర్చుని చూడటం. అంతే.

మరిది: ఫ్లాష్ కార్డులు కత్తిరిస్తే వృత్తి ఏం తెలుస్తుంది?

వదిన: మూల కూర్చుంటే తెలుస్తుంది. నేను ఆ బడికి వెళ్ళినప్పుడు ఒక టీచరు తొమ్మిదేళ్ళ పిల్లవాడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పుతోంది. చొక్కా కూడా కాదు, చెక్క పలకకు బిగించిన గుడ్డ, దానికో పెద్ద గుండీ. వాడు గుండీని కాజా దాకా తెస్తాడు, వేళ్ళు జారుతాయి. ఆమె ఏమీ అనదు. వాడి చెయ్యి మళ్ళీ గుండీ మీద పెడుతుంది. మళ్ళీ జారుతుంది. గంట కొట్టారు, గుండీ పట్టలేదు. ఆమె నోటుబుక్కు తీసి తేదీ వేసి, ఎన్నిసార్లు ప్రయత్నించాడో, ఎన్నోసారి గుండీ అంచు లోపలికి వెళ్ళిందో రాసుకుంది. నిన్నటిదానికీ ఇవాళ్టిదానికీ తేడా నాకు కనబడలేదు, ఆమెకు కనబడింది. ముఖం వెలిగింది. నీ కూతురు ఆ మూల కూర్చుని చూస్తే రెండింట్లో ఒకటి జరుగుతుంది. దానికీ ఆ తేడా కనబడుతుంది, లేదా ఇలా ఎన్నాళ్ళని విసుగొస్తుంది. ఏదైనా సరే, పుస్తకం చదివి అది తెలుసుకోలేదు.

మరిది: ఆ పిల్లవాడికి ఏం లాభం?

వదిన: నీ కూతురి వల్ల వాడికి పెద్ద లాభం లేదు. టీచరుకు కార్డులు కత్తిరించే పని తప్పుతుంది, ఆ అరగంట వాడికి దొరుకుతుంది. అంతకు మించి చెప్పుకోకూడదు. నేను దాన్ని సేవ అనడం లేదని మొదటే చెప్పాను. ఇచ్చేదాని కంటే తీసుకునేది ఎక్కువని దానికి తెలిసుండాలి. తెలిస్తే ఒదిగి ఉంటుంది.

మరిది: మీరు మీ ఊరావిడ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి కూడా చెప్పారట దానికి.

వదిన: ఆవిడ పుట్టింది రాజమండ్రిలో. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలకు పద్నాలుగేళ్ళ వాలంటీరు. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర నిలబెట్టారు. టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపింది. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చి ఇచ్చాకే లోపలికి పంపింది.

మరిది: ఆవిడ కెరీరు వెతుక్కోవడానికి వెళ్ళలేదు వదినా. దేశం కోసం వెళ్ళింది.

వదిన: నిజమే. నేను దానికి చెప్పింది గుమ్మం కథ కాదు, ఆ తరువాతది. ఉద్యమంలో జైలుకెళ్ళింది. మదురై జైల్లో తమ తరఫున మాట్లాడే దిక్కులేక శిక్షపడ్డ ఆడవాళ్ళను చూసింది. బయటికొచ్చాక, ఆగిపోయిన చదువు మొదట్నుంచీ చదువుకుని 1942లో లా పట్టా తీసుకుంది. ఆలోపే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. ఆవిడ ముందు చూసింది, తరువాత చదివింది. మనం మన పిల్లలతో తలకిందులుగా చేయిస్తున్నాం.

మరిది: అందరూ దుర్గాబాయిలు కారు.

వదిన: కానక్కర్లేదు. నువ్వు సికింద్రాబాదు వైపే ఉంటావు కదా. బోయినపల్లిలో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అని 1984 నుంచి ఉంది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఎప్పుడైనా లోపలికి వెళ్ళావా?

మరిది: బోర్డు చూశాను.

వదిన: ఆ లోపల ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో నీకూ తెలీదు, దానికీ తెలీదు. దానికి తెలిసినవి రెండే, డాక్టరు కావడం, కాలేకపోవడం. ఈ బడికి వారానికోసారి పిల్లల డాక్టరు వస్తారు. ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు రోజూ ఉంటారు. అందరూ ఒకే పిల్లవాణ్ణి నాలుగు రకాలుగా చూస్తుంటే అది చూస్తుంది. ఆ తరువాత కూడా నేను డాక్టరే అవుతానంటే అప్పుడు చదివే చదువు వేరుగా ఉంటుంది. నీ లాంగ్ టర్మ్ డబ్బు వృథా పోదు.

మరిది: మూడు వారాలు. పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నం నుంచి ఫిజిక్సు పుస్తకం తీయాలి.

వదిన: పొద్దున పూట సరే. మూడు వారాలకు ఒప్పుకోను. మొదటి రెండు వారాలు అన్నీ కొత్తగా, ముద్దుగా ఉంటాయి. అప్పుడు అడిగితే ఏ పనైనా నచ్చిందనే చెప్తుంది. మూడో వారం నుంచి అదే గుండీ, అదే పలక. అది చూడాలి.

మరిది: ఐదు.

వదిన: సరే, ఐదు. రోజూ రాత్రి ఓ పేజీ రాయాలి. నాకు చూపించక్కర్లేదు. ఏ పని చేస్తుంటే టైము తెలీలేదు, ఏ పని దగ్గర గడియారం చూసింది, ఆ రెండే. వెళ్ళేముందు స్పీచ్ థెరపిస్టుతో ఓ అరగంట మాట్లాడి రావాలి. ఈ ఉద్యోగంలో మీకు బాగా విసుగొచ్చేదేమిటని అడగాలి. పిల్లల తల్లిదండ్రులతో గొడవలెలా ఉంటాయో అడగాలి. ఈ పని వదిలేయాలని ఎప్పుడనిపించిందో అడగాలి.

మరిది: జీతమెంతో కూడా అడగమనండి. మొదటి ఏడాది ఎంత, పదేళ్ళయ్యాక ఎంత. మొహమాటపడకుండా.

వదిన: అది నువ్వే చెప్పు దానికి. నేను చెప్తే మర్చిపోతుంది, నువ్వు చెప్తే అడుగుతుంది.